పొగచూరిన దూలాలు: మేడ్చల్, శామీర్‌పేట ఇళ్ల గాలి చరిత్ర

ఒక ప్రాంతపు ఇళ్ల చరిత్రను రాసేవారు గోడల మందాన్ని, కప్పు వాలును, వాకిలి దిక్కును శ్రద్ధగా నమోదు చేస్తారు గానీ, ఆ గోడల నడుమ మనుషులు తరతరాలుగా పీల్చిన గాలిని గురించి ఒక్క వాక్యమైనా రాయకుండా ముందుకు సాగిపోవడం పరిపాటి. గాలి శాసనాల్లోకి ఎక్కదు, పట్టాల్లో కనిపించదు, వారసులు పంచుకునే ఆస్తి కాదు. అందుచేత అది చరిత్ర రచనకు వెలుపలే ఉండిపోయింది. అయినా దాని ఆనవాళ్లు చెరిగిపోలేదు. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల్లో ఇంకా నిలిచి ఉన్న పాత పెంకుటిళ్ల వంటింట్లో తల పైకెత్తి చూస్తే, దూలాల మీద, వాసాల మీద నల్లగా, జిగటగా, నూనె పూసినట్టు మెరిసే మసి పొర కనిపిస్తుంది. ఆ ఇంట్లో వండిన స్త్రీలు పీల్చిన పొగలో కొంత భాగం దూలాల మీద ఆగి అలా మిగిలిపోయింది. తక్కిన భాగం ఎక్కడికి చేరిందన్నది ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు ఎవరూ లెక్కగట్టని విషయం.

నిజాం పాలనలో మేడ్చల్ ‘అత్రాఫ్-ఎ-బల్దా’ జిల్లాలో ఒక తాలూకా. నగరానికి చుట్టూ ఉన్న ప్రాంతమని ఆ పేరుకు అర్థం. అక్కడి భూముల ఆదాయం నిజాం సొంత ఖజానాకు చెందిన ‘సర్ఫ్-ఎ-ఖాస్’ కింద జమ అయ్యేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ రాజ్యంలో విలీనమైంది. 1978లో ఈ పల్లెలు కొత్తగా ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి చేరాయి. మేడ్చల్ నాగపూరు రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ రహదారి మీద ఉన్నాయి. సికింద్రాబాదు నుంచి మన్మాడు వైపు సాగిన గోదావరి లోయ రైలు మార్గం ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికే మేడ్చల్ మీదుగా వచ్చింది. అంటే పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని రాజధానిలో ఏమి కనిపెట్టినా, ఏమి అమ్మినా, బండి మీదో రైలు మీదో ఈ పల్లెలకు చేరే వీలు ఎప్పుడూ ఉంది. పొయ్యి విషయంలో మాత్రం ఆ పాతిక కిలోమీటర్లు దాటడానికి అర్ధ శతాబ్దం పట్టింది. అంత ఆలస్యం ఎందుకైందన్నదే ఈ ప్రాంతపు ఇంటి గాలి చరిత్రలో అన్నిటికన్నా ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇక్కడి పాత ఇళ్లు చేతికందిన రాయితో, మట్టితో లేచినవి. కలిగినవారు మధ్యలో ఆకాశానికి తెరిచిన చతురస్రపు ఖాళీని వదిలి, చుట్టూ వసారాలు దించి ‘భవంతి’ ఇల్లు కట్టుకునేవారు. కోస్తాలో మండువా లోగిలి అనే దానికి ఇది తెలంగాణ రూపం. భవంతిలో వెలుతురు, గాలి, వాన అన్నీ పైనుంచే దిగేవి, పొగ ఆ దారినే పైకి పోయేది. రైతుకూలీల ఇళ్లు ఇందుకు భిన్నంగా ఒకే గదిగానో, అడ్డుగోడతో రెండు భాగాలుగానో ఉండేవి. కిటికీ ఉంటే చిన్నది, లేకపోతే గోడలో ఒక గవాక్షం. దొంగల భయం, ఎండ వేడిమి, చలిగాలి, గోడకు పెద్ద కంత పెడితే దానిమీద నిలబెట్టవలసిన మాను ఖర్చు, ఇవన్నీ కిటికీని చిన్నది చేశాయి. ఆ ఇళ్లను కాపాడినది ఒక రకంగా వాటి కప్పే. గూన పెంకలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, వెల్లకిలా పేర్చిన కప్పులో వేల సందులు ఉంటాయి. వాటిలోంచి పొగ సన్నగా పాకుతూ పైకి పోతుంది. పొద్దున్నే ఊరి మీద ప్రతి ఇంటి పెంకల్లోంచి లేచే నీలి పొగ వంట మొదలైందనడానికి గుర్తుగా ఉండేది. గడ్డి కప్పు పెంకంత తొందరగా వదలదు గానీ, దానికీ పొగ కొంత ఇంకిపోయే గుణం ఉంది.

పొయ్యి కథ వంటచెరకుతో మొదలవుతుంది. తుమ్మ కట్టెలు, ఎండిన కంపలు, కందికట్టె, పత్తికట్టె, ఆముదపు కట్టె, జొన్న కొయ్యలు, గోడల మీద చరిచి ఎండబెట్టిన పిడకలు, ఋతువునుబట్టి ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయేది. పొడి తుమ్మకట్టె కొనుక్కోగలిగినవారికి మంట ఎక్కువ, పొగ తక్కువ. కంపలు, పిడకలు కాల్చేవారికి మంట తక్కువ, పొగ ఎక్కువ. ఈ భేదానికి కారణం సూటిగానే ఉంటుంది. కట్టె వేడెక్కగానే దానిలోంచి రకరకాల వాయువులు విడివడతాయి. వాటికి తగినంత వేడి, తగినంత గాలి అందితే అవి మండి మంటగా మారతాయి, అందకపోతే మండకుండానే సన్నని తారు బిందువులుగా, మసిరేణువులుగా, కార్బన్ మోనాక్సైడుగా బయటికి వస్తాయి. తడి కట్టె తన వేడిని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీది చల్లని కుండ అడుగు తగలగానే మంట నాలుక ఆరిపోతుంది. పేదరికం పొగగా కంటికి కనిపించే చోటు వంటిల్లు.

ఈ ప్రాంతపు తిండి కూడా వండే మనిషిని పొయ్యికి దగ్గరగా కట్టేసింది. బియ్యం నిత్యాహారం కాకముందు ఇక్కడ జొన్నే ప్రధానం. అన్నానికి ఎసరు పెట్టి, కట్టెలు సర్ది, కొంతసేపు పక్కకు వెళ్లవచ్చు. జొన్న రొట్టె కాల్చే స్త్రీకి ఆ వీలు లేదు. చేత్తో తట్టి, పెంక మీద వేసి, తడి గుడ్డతో తుడిచి, తిప్పి, నిప్పుల దగ్గర నిలబెట్టి కాల్చే పని మొత్తం మంటకు మూరెడు దూరంలో, పీట మీద కూర్చుని చేయవలసినదే. జొన్న గటక కలియబెట్టడమూ అంతే. మంట తగ్గితే వంగి ఊదు గొట్టంతో ఊదాలి, ఊదిన ప్రతిసారీ ఎదురుగా వచ్చిన పొగను లోపలికి పీల్చాలి. చంకలో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డదీ అదే గాలి.

పొగకు ఇంట్లో కొంత గౌరవమూ ఉండేదన్న సంగతిని విస్మరించరాదు. పైకప్పు వెదురుకు, వాసాలకు పురుగు పట్టకుండా పొగ కాపాడుతుందని, పొయ్యి పైన ఉట్టి మీదనో దండెం మీదనో కట్టిన విత్తనపు కంకులకు చెద, పురుగు సోకవని ఇంటివారు అనుభవంతో గ్రహించారు. సాయంత్రం వేపాకు పొగ దోమలను తరిమేది. బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టడం, నీళ్లు పోసిన పసిపిల్లకు సాంబ్రాణి పొగ పట్టడం మంచి కోరి చేసిన పనులు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవని, అది రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుందని వారికి తెలిసే దారి లేదు. అయితే పొగ హింస అన్న ఎరుక భాషలో ఎప్పటినుంచో ఉంది. పొమ్మనలేక పొగబెట్టారన్న సామెత పుట్టిన సమాజానికి పొగలో మనిషి నిలవలేడని బాగా తెలుసు. వంటింటి మనిషిని ఆ లెక్కలోంచి మినహాయించడమే అలవాటైంది. కళ్లు ఎర్రబడటం, దగ్గు, ఆయాసం వయసుతో వచ్చే ఆడవాళ్ల రోగాలుగా చలామణి అయ్యాయి.

చీకటి పడ్డాక ఇంకొక పొగ తోడయ్యేది. ఆముదపు దీపాల స్థానంలోకి కిరసనాయిలు వచ్చింది. తెలంగాణ పల్లెల్లో దానికి గ్యాసునూనె అని పేరు. మూతికి గుడ్డ వత్తి పెట్టిన చిన్న బుడ్డి, గాజు చిమ్నీ ఉన్న కందిలి కన్నా చవక, దానికన్నా ఎన్నో రెట్లు మసి చిమ్మేది. బుడ్డి పక్కన రాత్రి చదువుకున్న పిల్లల ముక్కుల్లో తెల్లారేసరికి నల్లని మసి ఉండేదన్నది ఆ తరం వారందరికీ తెలిసిన సంగతి. తర్వాతి కాలంలో వత్తి స్టవ్వు, పంపు స్టవ్వు వచ్చినప్పుడు కట్టెలతో పోలిస్తే అవి శుభ్రమైనవిగా తోచాయి; చౌక ధరల దుకాణంలో రాయితీ కిరసనాయిలు దొరకడంతో ఆ నమ్మకం బలపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇంటి ఇంధనాల మీద వెలువరించిన మార్గదర్శకాలు ఇళ్లలో కిరసనాయిలు వాడకాన్ని ప్రోత్సహించరాదని చెప్పాయి.

రాజధానిలో గాలి గురించిన ఆలోచన వేరే దారిలో మొదలైంది. 1908 మూసీ వరద, 1911లో ప్లేగు చూసిన తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేసి, ఇరుకు వాడలను తొలగించి, వెలుతురు, గాలి వచ్చే ఇళ్లను, వెడల్పు వీధులను నిర్మించింది. ఆ కాలపు వైద్యం వ్యాధికి మూలాన్ని ఇరుకులో, తేమలో, ఎలుకల్లో చూసింది గనుక సంస్కరణ వీధిలో మొదలై ఇంటి ముందు గది వరకు వచ్చి ఆగిపోయింది. వంటిల్లు ఇంజనీర్ల పటంలో ఒక చిన్న గడిగానే మిగిలింది.

ఆ గడిలోకి మొదట అడుగుపెట్టినది హైదరాబాదు ఇంజనీరే కావడం ఈ చరిత్రలో గర్వించదగిన ఘట్టం. ఆనకట్టలు, కాలువలు, కట్టడపు సామగ్రి మీద పరీక్షలు జరిపే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఎస్.పి. రాజు, పల్లె వంటింటి పొయ్యిని ఒక ఇంజనీరింగు సమస్యగా తీసుకున్నారు. ఆ పరిశోధనాలయం పేరులోని ఆంగ్ల పొడి అక్షరాలతో ‘హెర్ల్ చూలా’గా దేశమంతటా తెలిసిన ఆ పొయ్యి మట్టితోనే కట్టుకునేది. కట్టెలు పెట్టే నోరు ఒక్కటే. లోపల మూసిన సొరంగం ఒకటి. దాని మీద వరుసగా కుండలు పెట్టే గుంతలు. చివర కప్పును దాటి పైకి పోయే పొగగొట్టం. మొదటి కుండకు తగిలిన మంట అక్కడే వృథా కాకుండా సొరంగం వెంట సాగి, రెండో కుండను, మూడో కుండను వేడి చేసి, మిగిలిన పొగ గొట్టంలోకి ఎక్కుతుంది. వేడి గాలి తేలిక గనుక గొట్టంలో పైకి లేస్తుంది, లేస్తూ కట్టెల నోటిలోంచి తాజా గాలిని లోపలికి లాగుతుంది. ఆ లాగుడు సరిగ్గా ఉంటే పొగ వంట మనిషి ముఖం మీదికి తిరగదు, కట్టె కూడా బాగా కాలుతుంది. లాగుడు ఎక్కువైతే వేడి అంతా గొట్టంలోకి పోతుంది కాబట్టి దాన్ని అదుపు చేయడానికి అడ్డు పలక అమర్చారు. రాజు ఈ పనిని వివరిస్తూ రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అన్న చిన్న పుస్తకం 1953లో మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘం ద్వారా వెలువడింది. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిళ్లు అన్న ఆ శీర్షికలోనే ఆయన లక్ష్యపు పరిమాణం తెలుస్తుంది; కలిగినవారి వంటింటికి అలంకారంగా కాక, మట్టి తప్ప మరేమీ లేని ఇంటికి ఆయన తన విద్యను ఇచ్చారు. వార్ధాలోని గ్రామ పరిశ్రమల సంఘం వారి ‘మగన్ చూలా’ కూడా ఆ కాలపుదే గానీ, ఇంటి పొయ్యిని ప్రభుత్వ ప్రయోగశాల స్థాయికి తెచ్చిన ఘనత హైదరాబాదుకు దక్కుతుంది.

1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంలో గ్రామసేవికలు పొగరాని పొయ్యిని ఊళ్లకు పరిచయం చేశారు. అయినా అది పల్లెల్లో వేళ్లూనలేదు. మట్టి పొయ్యి వేడికి పగుళ్లు ఇస్తుంది, పగులు పూడ్చకపోతే పొగ అక్కడినుంచే వస్తుంది. గొట్టంలో మసి పేరుకుంటే దించి తుడవాలి, ఆ పని ఎవరిదన్నది ఇంట్లో తేలదు. పెంకల మధ్య గొట్టం చుట్టూ వాన కారుతుంది. గుంతల కొలత ఇంట్లో ఉన్న కుండలకు, సర్వలకు కుదరకపోతే సందుల్లోంచి మంట తన్నుతుంది. అన్నిటికీ మించి, పొయ్యి మార్పుకు డబ్బు, నిర్ణయం ఇంటి మగవారి చేతిలో, పొగ బాధ ఆడవారి కంటిలో ఉండటంతో, బాధ పడేవారికి, తీర్చగలవారికి మధ్య ఉన్న దూరమే రాజధానికీ మేడ్చల్‌కూ మధ్య ఉన్న దూరం కన్నా పెద్దదైంది. కేంద్ర ప్రభుత్వం 1980ల నడుమ జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్ని చేపట్టి, 2002లో ముగించేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. కట్టిన పొయ్యిల సంఖ్యే విజయానికి కొలమానమైనందున, ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని వాడుకలో ఉన్నాయన్న ప్రశ్న వెనకబడింది. నగరంలోని ప్రాంతీయ పరిశోధనాలయం సింగరేణి బొగ్గును తక్కువ వేడిమి దగ్గర గాలి తగలకుండా కాల్చి, పొగ కారక పదార్థాన్ని ముందే తీసివేసి, ఇళ్లకు పొగ తక్కువ బొగ్గును తయారు చేసే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ బొగ్గు పట్టణపు సిగిడీలకు (బొగ్గు కుంపట్లకు) సరిపోయింది గానీ, కట్టెలు ఏరుకునే ఇంటికి కొనే ఇంధనంగా అక్కరకు రాలేదు.

ఈ లోగా ఇంటి కప్పు మారింది. 1946లో సనత్‌నగర్ ప్రాంతంలో మొదలైన హైదరాబాద్ ఆస్బెస్టాస్ కర్మాగారం నుంచి చార్మినార్ మార్కు సిమెంటు రేకులు మార్కెట్టులోకి రావడంతో, ఏటేటా పెంకలు సర్దించుకునే బాధ తప్పుతుందని పల్లెలు రేకుల వైపు మొగ్గాయి. తర్వాత సిమెంటు స్లాబు వచ్చింది. రేకు కారదు, కోతులకు జారదు, తొందరగా పడుతుంది. కాని దానికి గూన పెంకలకు ఉన్న సందులు లేవు. పొయ్యి మాత్రం పాతదే ఉండి, పొగ పోయే దారి మూసుకుపోయిన ఆ రెండు మూడు దశాబ్దాలు ఈ ప్రాంతపు వంటిళ్లలో అత్యంత చెడ్డ కాలమై ఉండాలని ఊహించడం అనుచితం కాదు. పక్కా ఇల్లు అభివృద్ధికి గుర్తుగా లెక్కకెక్కినప్పుడు, దాని కప్పు కింద ఏ పొయ్యి మండుతున్నదో ఆ లెక్కలో చేరలేదు.

పొగ ఆరోగ్యాన్ని ఏమి చేస్తుందో తెలియజేసిన తొలి భారతీయ ఆధారం ఢిల్లీ నుంచి వచ్చింది. గుండె వైద్యురాలు డాక్టర్ ఎస్. పద్మావతి 1950లలో అక్కడి ఆసుపత్రుల్లో ‘కార్ పల్మొనేల్’ అనే వ్యాధిని పరిశీలించారు. ఊపిరితిత్తులు చాలాకాలం దెబ్బతింటే వాటిలోకి రక్తాన్ని నెట్టవలసిన గుండె కుడి భాగం అలసి, ఉబ్బి, విఫలమవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. పొగతాగని స్త్రీలలో ఆ వ్యాధి పురుషులతో సమానంగా కనిపించడం ఆమెను ఆలోచింపజేసింది. 1959లో వెలువడిన ఆమె పరిశోధన పొయ్యి పొగ వైపు వేలు చూపింది. తర్వాత కర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1980ల మొదట్లో గుజరాత్ గ్రామాల్లో వంట చేసే స్త్రీల దుస్తులకే చిన్న పరికరాలు తగిలించి, వారు పీల్చే ధూళిని కొలిచారు. వీధి చివర స్తంభం మీద కొలిచిన గాలికీ, పొయ్యి ముందు కూర్చున్న స్త్రీ ముక్కు దగ్గరి గాలికీ ఉన్న అంతరం అప్పుడు మొదటిసారి అంకెల్లోకి వచ్చింది.

ఆ పద్ధతి ఈ జిల్లాకు చేరినది శతాబ్దం మారే వేళకు. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాల పరిశోధకురాలు కల్పనా బాలకృష్ణన్ నాయకత్వంలో, హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సహకారంతో, నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 412 ఇళ్లలో ఇరవై నాలుగు గంటల పాటు గాలిని కొలిచారు. మేడ్చల్, శామీర్‌పేట అప్పటికి రంగారెడ్డి జిల్లాలోని మండలాలే. 2004లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, ఊపిరితిత్తుల లోతుకు చేరగల సన్నని ధూళి గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు సగటున 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె, పిడక వంటి ఘన ఇంధనాలు వాడే ఇళ్లలో అది 732 వరకు పెరిగింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. నివాస ప్రాంతాల బయటి గాలిలో ఇంతకన్నా ముతక ధూళిని కూడా కలుపుకొని ఇరవై నాలుగు గంటల సగటు 100 మించరాదన్నది భారతీయ ప్రమాణం. ఆ కొలతతో పోలిస్తే వంటింటి పరిస్థితి ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ అధ్యయనంలో సగటుల కన్నా వివరాలు ఎక్కువ మాట్లాడతాయి. ఇంట్లోనే అడ్డుగోడ లేని వంటిల్లు, అడ్డుగోడ ఉన్న వంటిల్లు, విడిగా కట్టిన వంటసాల, ఆరుబయటి పొయ్యి అని పరిశోధకులు వంటిళ్లను నాలుగు రకాలుగా విడదీశారు. ఇంధనంతో పాటు వంటింటి రకం కూడా గాలిని నిర్ణయిస్తుందని తేలింది. పాత భవంతికీ ఒంటిగది గుడిసెకూ మధ్య ఉన్న భేదాన్ని పరికరాలు ఇక్కడ అంకెలుగా చూపాయి. ఘన ఇంధనం వాడే ఇళ్లలో అందరికన్నా ఎక్కువ పొగ పీల్చినవారు వంట చేసే స్త్రీలు. వారిలోనూ 15 నుంచి 40 ఏళ్ల వారు. పురుషుల్లో ఎక్కువ పీల్చినవారు 65 నుంచి 80 ఏళ్ల వృద్ధులు, ఎందుకంటే పొలం పని మానుకొని ఇంటిపట్టున ఉండేవారు వారే. ఇంటి కోడలు, మూలన మంచం మీది ముసలాయన ఒకే గాలిని పంచుకుంటున్నారని ఇంత స్పష్టంగా చెప్పిన పత్రం ఈ జిల్లాకు సంబంధించి అంతకు ముందు లేదు.

ఇటువంటి గాలి దీర్ఘకాల శ్వాస అవరోధ వ్యాధికి, పసిపిల్లల న్యుమోనియాకు, గుండెపోటుకు, పక్షవాతానికి, ఊపిరితిత్తుల క్యాన్సరుకు, స్త్రీలలో కంటి శుక్లాలకు కారణాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మరణాలను ఇంటి వంట పొగ ఖాతాలో లెక్కగట్టింది. మసిరేణువు ఎంత సన్ననిదైతే అంత ప్రమాదం: వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు, అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నని ధూళి ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా పోయి, అక్కడ వాపు పుట్టించి, దాని ప్రభావాన్ని రక్తనాళాల వరకు తీసుకుపోతుంది. పొగ కళ్ల బాధ అనుకున్న కాలం నుంచి పొగ గుండె బాధ అని తెలుసుకున్న కాలానికి ప్రయాణం ఇలా సాగింది.

మేడ్చల్ మండలానికి ఈ చరిత్రలో సొంత స్థానం కూడా ఉంది. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య కళాశాల ఆవరణలో పనిచేసే ‘షేర్ ఇండియా’ సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి, 2009 నుంచి 2011 వరకు మండలంలోని గ్రామాల్లో 15 నుంచి 35 ఏళ్ల వివాహిత స్త్రీలు 1,227 మందిని గర్భం రాకముందో, గర్భం తొలి నెలల్లోనో చేర్చుకొని, వారి జీవన పరిసరాలకు, కాన్పుకు, బిడ్డల ఎదుగుదలకు మధ్య సంబంధాన్ని పరిశీలించడం మొదలుపెట్టింది. రోగం వచ్చాక ఆసుపత్రికి వచ్చిన స్త్రీని అడగడం కన్నా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆమె ఇంటికి వెళ్లి చూడటం ఎంత కష్టమో, ఎంత విలువైనదో ఈ పని తెలియజేస్తుంది. నగరానికి ఆగ్నేయంగా, జాతీయ పోషకాహార సంస్థ 1987–1990 మధ్య పోషకాహార పరీక్ష జరిపిన పల్లెల్లో తర్వాత గాలి మీద పరిశోధన సాగింది. ‘చాయ్’ అన్న పొట్టి పేరుగల ఆ అధ్యయనం 28 గ్రామాల్లో కొందరికి ధూళి కొలిచే పరికరంతో పాటు ఒంటికి చిన్న కెమెరాను తగిలించి, రోజులో ఎప్పుడు, ఎక్కడ పొగ పీల్చారో చూసింది. 2020లో వెలువడిన దాని ఫలితాలు ఆలోచింపజేసేవి: ఆ పల్లెల బయటి గాలిలోనే సన్నని ధూళి ఏడాది సగటు 32.8 మైక్రోగ్రాములు ఉంది, బయటి ధూళి ఎక్కువగా ఉన్న చోట 3,717 మందిలో ఎముకల గట్టిదనం తక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన ఏడాది పరిమితి 5 మాత్రమే. కిటికీ తెరిస్తే లోపలి పొగ పోతుందన్న పాత సూత్రం నగర పొలిమేరల్లో సగమే పనిచేస్తుందని దీన్ని బట్టి తెలుస్తుంది.

పొయ్యిని చివరికి మార్చినది గ్యాసు బండ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో మొదలుపెట్టిన దీపం పథకం, డ్వాక్రా సంఘాల స్త్రీల పేరున గ్యాసు కనెక్షన్లకు డిపాజిట్టు చెల్లించింది; దేశవ్యాప్త ఉజ్వల పథకానికి అది పదిహేడేళ్లు ముందు. కనెక్షను స్త్రీ పేరున ఉండటం చిన్న సంగతి కాదు. ఎస్.పి. రాజు పొయ్యి ఇంటి మగవాడి ఒప్పుదల కోసం ఎదురుచూసినచోట, ఈ పథకం పొదుపు సంఘం ద్వారా నేరుగా వండే మనిషి దగ్గరికి వెళ్లింది. తొలి ఏళ్లలో చాలా ఇళ్లు గ్యాసును టీకి, చుట్టాలు వచ్చినప్పటి వంటకు, వానాకాలానికి అట్టేపెట్టుకొని, రొట్టెకు, స్నానపు నీళ్లకు కట్టెలే వాడాయి, ఎందుకంటే కట్టె ఏరుకుంటే వస్తుంది, బండ నింపించుకోవాలంటే ఒకేసారి డబ్బు కావాలి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో తొంభై శాతానికి పైగా ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయి. దేశపు సగటు అప్పటికి 60 శాతాన్ని అందుకోలేదు. 2024 ఫిబ్రవరి 27న రాష్ట్ర ప్రభుత్వం అర్హులకు 500 రూపాయలకే బండ అందించే పథకాన్ని ప్రారంభించింది. భారతదేశం (తమిళనాడు) సహా నాలుగు దేశాల్లో గర్భిణులకు గ్యాసు ఇచ్చి జరిపిన పెద్ద పరీక్షలో వారు పీల్చే ధూళి బాగా తగ్గినా, పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదని 2022లో వెల్లడైంది. గర్భం వచ్చాక పొయ్యి మార్చడం ఆలస్యమేనేమోనన్న ప్రశ్నను అది లేవనెత్తింది. పొయ్యి మార్చనక్కరలేదని ఎవరూ దానినుంచి తేల్చలేదు.

ఈ మార్పు పూర్తయ్యే లోపునే ఇల్లే మారిపోయింది. ద్రాక్ష తోటలకు పేరుపడిన ఈ నేలలో 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999లో జీనోమ్ వ్యాలీ, తర్వాత బాహ్యవలయ రహదారి వచ్చి, పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. కొత్త ఇంట్లో పొగ కనిపించదు. ప్లైవుడ్డు అలమరల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్, గోడ రంగుల్లోంచి ఆవిరయ్యే రసాయనాలు, స్నానాల గది తేమలో బూజు, ఏసీ కోసం మూసిన కిటికీల వెనుక రాత్రంతా కాలే దోమల చుట్ట, పూజగదిలో అగరుబత్తి, గ్యాసు మంటలోంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు, ఇవన్నీ కలిసి కొత్త గాలిని తయారుచేస్తున్నాయి. బయటినుంచి రహదారి ధూళి, గాలివాటాన్నిబట్టి జవహర్‌నగర్ చెత్త యార్డు వాసన చేరతాయి. నేలలోంచి ఇంకొకటి వస్తుంది: ఈ ప్రాంతమంతా పరుచుకున్న అతి పురాతన గ్రానైటులో సహజంగా ఉండే యురేనియం క్షీణిస్తూ రేడాన్ అనే వాయువును విడుదల చేస్తుంది; పునాది పగుళ్లలోంచి ఎక్కి, గాలి ఆడని కింది గదుల్లో నిలిచే ఈ వాయువు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రజ్ఞులు హైదరాబాదు ఇళ్లలో దీన్ని కొలిచారు. దీనికి విరుగుడు చవకైనదే: గాలి ఆడనివ్వడం. వందేళ్ల కిందటి భవంతి ఆ పని అడగకుండానే చేసేది.

శామీర్‌పేట పరిసరాల్లో కొత్తగా అమ్ముడవుతున్న ఫ్లాట్ల వంటింట్లో గ్యాసు పొయ్యి పైన మెరిసే ఉక్కు చిమ్నీ ఒకటి ఇప్పుడు తప్పనిసరి అలంకారమైంది. వాటిలో కొన్నిటికి బయటికి గొట్టం ఉండదు. బొగ్గు వడపోతలోంచి గాలిని లాగి, నూనె జిడ్డును, వాసనను కొంత పట్టుకొని, మిగిలిన గాలిని, దానిలోని నైట్రోజన్ డయాక్సైడుతో సహా, అదే గదిలోకి తిరిగి వదులుతాయి. హైదరాబాదు పరిశోధనాలయం మట్టిపొయ్యికి అమర్చిన గొట్టం మాత్రం కప్పును దాటి బయటికి పోయేది.